తిట్టేది బీపీ

"నా బీపీకి మాత్రలెందుకు డాక్టర్! దీన్ని పుట్టింటికి తోలేస్తే చాలు, అదే దిగుతుంది!" దర్జీ డాక్టర్ ఎదుటే తన భార్య మీద విరుచుకుపడ్డాడు. ఆమె తల దించుకుంది.

డాక్టర్ స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. "ఆవిడనేం అనకండి. మీ కిడ్నీలో శనగగింజంత కణితి ఉంది. చాలా అరుదైనది. అది అదేపనిగా ఒక హార్మోన్ వదులుతూ బీపీని పెంచేస్తోంది. అందుకే ఎన్ని మాత్రలు మింగినా దిగలేదు. కణితి తీసేస్తే బీపీ కూడా పోతుంది."

భార్యకు భయం వేసింది, నిజమే. కానీ ఆ భయం వెనకే, చెప్పుకోవడానికి సిగ్గేసేంత సంతోషం కూడా పుట్టుకొచ్చింది. ఆమె చెంప వాచిన ప్రతిసారీ అత్తగారు ఒకటే మాట అనేది: "తిట్టేదీ కొట్టేదీ వాడు కాదే తల్లీ, వాడి బీపీ. వాడి మనసు వెన్న." ఎప్పటికైనా ఆ వెన్నలాంటి మనిషిని చూస్తాననే ఆశతో ఆమె పంటి బిగువున కాపురం చేసుకొస్తోంది.

ఆపరేషన్ బాగా జరిగింది. డిశ్చార్జి రోజున అత్తగారు కోడలి చేతులు పట్టుకుంది. "ఇక చూడు, నా కొడుకు ఎలాంటివాడో!"

కోడలు కళ్లు తుడుచుకుని, భర్తకు కొత్త చొక్కా తొడిగింది. ఒక గుండీ వదులుగా వేలాడుతోంది.

"కళ్లు పోయాయా? దర్జీ పెళ్లానివి, గుండీ కుట్టడం చేతకాదూ!" అంటూ చేతికందిన గాజు గ్లాసు విసిరాడు. అది ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలి ముక్కలైంది.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. "సిస్టర్, త్వరగా రండి! కణితి మొత్తం తీసినట్టు లేదు, ఆయనకి బీపీ మళ్లీ పెరిగిపోయింది!"

నర్సు ఉరుకుల మీద వచ్చింది. దర్జీ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసింది. నమ్మకం కోసం మరోసారి చూసింది. అత్తాకోడళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"కంగారు పడకండమ్మా," అంది నర్సు నవ్వుతూ. "నూట ఇరవై, ఎనభై. మీవారికి ఏ జబ్బూ లేదు."