నాంపల్లి స్టేషన్‌లో స్పెయిన్ పాఠం

పందొమ్మిదేళ్లుగా సామాన్ల గది తాళంచెవి అత్తమ్మ కొంగుకే ఉండేది. ఆమె కాశీకి పోయిన మూడు నెలలు మాత్రం నా కొంగుకుంది. ఆదివారం ఆమె తిరిగి వస్తున్నారు. తాళంచెవి ఇచ్చేయాలి.

మా వారు వామన్‌రావు బడిపంతులు. బడిలో చెప్పబోయే పాఠం ముందురోజు నాకు చెప్పి చూసుకుంటారు. ఆ ఆదివారం అత్తమ్మ బండి కోసం చూస్తూ నాంపల్లి స్టేషన్ బెంచీ మీద స్పెయిన్ పాఠం చెప్పారు.

"స్పెయిన్ ఏలిన దేశాలల్ల పుట్టినోళ్లకు పెద్ద నౌకరీలు ఇయ్యలేదు. వ్యాపారమంతా స్పెయిన్‌తోనే చెయ్యాలె. గందుకే తిరగబడ్డరు."

"మూడు వందల ఏండ్లు ఊకున్నోళ్లు అప్పుడే ఎందుకు తిరగబడ్డరు?"

"రాజును ఫ్రెంచోళ్లు పట్టుకపోయిన్రు. ఆయన లేనప్పుడు వీళ్లే నడుపుకున్నరు, మంచిగనే నడిచింది. ఆయన తిరిగొచ్చి మళ్ల నేనే ఏలుతా అన్నడు."

"అయితే ఈ తాళంచెవి నేనియ్య."

"అది దేశాల సంగతి," అని ఆయన పుస్తకం మూశారు. "అమ్మకు నువ్వే చెప్పుకో."

అత్తమ్మ బండి దిగగానే చెప్పేశాను.

"ఉంచుకో," అన్నారామె. "కాశీల ఒక్కదాన్నే ఇంత వండుకొని తిన్న. ఇయ్యాల ఏం వండాలె అత్తమ్మా అని అడిగేటోళ్లు లేరు. పానం ఎంత నిమ్మళంగుండె! మళ్ల మీ చేతికి చిక్కుతనేమో అని తొవ్వంతా ఒకటే ఫికర్."

ఆమెను సామానుతో రిక్షా ఎక్కించి మేము అబిడ్స్ దాకా నడిచాం.

"స్పెయిన్ రాజును గూడ, ఏలుడు నీకు ఇష్టమేనా అని ఎవరన్న అడిగి చూసిన్రా?" అన్నాను.

పుస్తకంలో లేదన్నారు.