నూట అరవై లూపులు

టీచరమ్మ స్కార్ఫును ఒళ్ళో పరుచుకుని, సూది మీదున్న లూపులు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. కళ్ళజోడు పైకి తోసి పొడుగమ్మాయి వైపు చూసింది.

"నూట నలభై ఎనిమిదే ఉన్నాయి. నువ్వు మొదలుపెట్టింది నూట అరవైతో. మిగతా పన్నెండూ ఏం చేశావమ్మాయ్, తినేశావా?"

స్కార్ఫు ఒక పక్కనుంచి సన్నబడుతోందని పొడుగమ్మాయికీ అనుమానంగానే ఉంది. పైకి అంటే నిజమైపోతుందేమోనని వారం రోజులుగా నోరు మెదపలేదు.

"ఎంతవరకు విప్పాలి?"

"నీలం దాకా."

అంటే మూడు వారాల పని మంట కలిసినట్టే.

అది రంగులు మారే ఊలు. తలకాయంత ఉండలో ఒకటే దారం. ముదురు నీలంతో మొదలై, ఎక్కడ మారిందో తెలియకుండా ఆకుపచ్చలోకి, మెల్లగా పసుపులోకి, ఆఖరికి నారింజలోకి వెళుతుంది. బజారులో దాన్ని చూసి పొడుగమ్మాయి మనసు పారేసుకుంది. అప్పటికి ఆమెకి అల్లిక ఓనమాలు కూడా రావు. ఎన్ని లూపులు వేసుకోవాలో తెలియక సూది నిండేదాకా వేసుకుంటూ పోయింది. ఇది స్కార్ఫా, గుమ్మానికి పరదానా అని టీచరమ్మ నవ్వింది గానీ, తగ్గించమనలేదు. వెడల్పుంటే భుజాలు కూడా వెచ్చగా ఉంటాయంది.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వరండాలో అరగంట పాఠం. టీచరమ్మ ఏ బడిలోనూ పనిచేసిన మనిషి కాదు. అక్కడి ఆడవాళ్ళలో సగంమందికి అల్లిక, ఇంకొందరికి సంతకం పెట్టడం నేర్పినందుకు ఆ పేరు స్థిరపడిపోయింది. పొడుగమ్మాయి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. టీచరమ్మ అప్పటికే పాతకాపు. ఇద్దరే ఉన్నప్పుడు "అమ్మాయ్" అనే మనిషి, పెద్ద ఆఫీసరు అటుగా వస్తే చాలు, బుద్ధిగా "మేడమ్" అనేది. అది విన్నప్పుడల్లా పొడుగమ్మాయికి నవ్వు ఆగేది కాదు. పాఠం కాగానే పొడుగమ్మాయి సూదులు తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టుకునేది.

ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. టీచరమ్మ వెళ్ళిపోవడానికి పదమూడు రోజులే ఉన్నాయి. పదకొండేళ్ళు ఒకేచోట ఉన్న మనిషి వెళ్ళిపోతుంటే ఉత్తచేతులతో ఎలా పంపడం? స్కార్ఫు ఆమె కోసమే. ఎవరు అడిగినా మా అత్తయ్యకి అని అబద్ధం చెబుతూ వచ్చింది.

ఆ సాయంత్రమే స్కార్ఫుని ఇంటికి పట్టుకుపోయింది. తను విప్పుతుంటే అత్తగారు ఎదురుగా కూర్చుని దారం ఉండ చుట్టింది. మర్నాటినుంచి వంట మొగుడి నెత్తిన పడింది. అతను మూడు రోజులు వరసగా అన్నం మాడ్చి, నాలుగో రోజుకి చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఆమె బస్సులో అల్లింది. పొయ్యి పక్కన అల్లింది. ప్రతి వరస చివరా లూపులు లెక్కపెట్టింది. నిద్రలో కూడా నూట యాభై ఎనిమిది, నూట యాభై తొమ్మిది అంటోందని మొగుడు అందరికీ చెప్పాడు.

పసుపు రంగు మొదలైన రోజు అత్తగారు స్కార్ఫుని మెడకి చుట్టుకుని అద్దం ముందు నిలబడింది. నారింజ రంగు కొస తన ముఖం వైపుకి వస్తే బాగుంటుందంది.

పొడుగమ్మాయికి ఇక చెప్పక తప్పలేదు.

"ఇది టీచరమ్మకి, అత్తయ్యా."

అత్తగారు స్కార్ఫుని జాగ్రత్తగా మడతపెట్టి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ముందే చెప్పుంటే నేనింత ఆశపడేదాన్ని కాదుగా. సరేలే, నాకు ఎరుపుతో మొదలయ్యేది అల్లు. వెళ్ళిపోయే రోజు భోజనానికి ఆవిడ్ని మనింటికే రమ్మను."

పొడుగమ్మాయికి ప్రాణం లేచొచ్చింది.

ఆఖరి వరస టీచరమ్మ వెళ్ళిపోయే రోజు పొద్దున బస్సులో పూర్తయింది. పొడుగమ్మాయి వెళ్ళేసరికి టీచరమ్మ సామాను ఒక గుడ్డసంచీలో సర్దేసి ఉంది. పెద్ద ఆఫీసరు నాలుగు మంచి మాటలు చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, చేతికి కాగితం ఇచ్చాడు. వరండాలో నిలబడ్డ ఆడవాళ్ళు కొందరు నవ్వుతున్నారు, కొందరు ముక్కు చీదుతున్నారు. పొడుగమ్మాయి స్కార్ఫు మడత విప్పి టీచరమ్మ భుజాల చుట్టూ కప్పింది.

"ఇది మీ అత్తగారిది కదమ్మాయ్?"

"కాదు. మొదటినుంచీ మీదే. మా అత్తయ్య మిమ్మల్ని భోజనానికి కూడా రమ్మంది."

టీచరమ్మ నీలం నుంచి నారింజ దాకా వేళ్ళతో తడుముకుంటూ పోయింది. ఆకుపచ్చ దాటాక వేలు ఆగింది.

"ఇక్కడో లూపు తిరగబడింది."

"విప్పమంటారా?"

"విప్పితే చంపేస్తాను," అంటూ టీచరమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి స్కార్ఫు కొసతో కళ్ళు తుడుచుకుంది.

పొడుగమ్మాయి యూనిఫాం టోపీ సరిచేసుకుని, నడుముకున్న గుత్తిలోంచి పెద్ద తాళంచెవి తీసి, మూడేళ్ళుగా రోజూ సాయంత్రం తను లోపల పెట్టి తాళం వేస్తూ వచ్చిన ఆ ఖైదీకి జైలు గేటు బార్లా తెరిచింది.