పన్నెండో అడుగు

తెల్లవారితే జనం చూడటానికి వస్తారు. తవ్వకంలో బయటపడ్డ పాత ఇంటి మట్టినేల మీద, ఎన్నో వందల ఏళ్ల కిందటి చిన్నపిల్ల అడుగులు, రాయిలా గట్టిపడినవి, పదకొండు. బోర్డు మీదా అదే రాయించారు.

రాత్రి గుంటలోకి దిగి, నేల మీద టార్పాలిన్ పట్టా కప్పబోతూ, కండక్టర్ బాబాయ్ అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. పన్నెండు. ముప్పయ్యేళ్లు బస్సులో తలలు లెక్కపెట్టి రిటైరై, ఊసుపోక తవ్వకంలో చేరిన మనిషి. ఆయన లెక్క తప్పదు.

తవ్వకం చూసే మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"మీ కాలే పడుంటుంది బాబాయ్."

"నేను చెక్క దిగనేలేదు! అయినా ఇది జానెడు కూడా లేదమ్మా."

"మరీ మంచిది. పొద్దున బోర్డు మార్పిద్దాం, పడుకోండి." నవ్వుతూ పెట్టేసింది.

నేల చెడకుండా నడవడానికి పరిచిన పొడుగాటి చెక్క అది. ఆయన ఈ కొసన ఉన్నాడు. పైకెక్కే నిచ్చెన ఆ కొసన ఉంది. గుంట రెండు నిలువుల లోతు.

పదకొండు అడుగులూ నిచ్చెన వైపే వెళ్తున్నాయి. దాని దగ్గరున్న పన్నెండోది మాత్రం చెక్క వైపు తిరిగింది. టార్చి వేస్తే తడిగా మెరిసింది.

మళ్లీ ఫోన్ చేశాడు. మేడమ్ ఎత్తలేదు.

"ఎవరమ్మా?" అన్నాడు చివరికి, బస్సులో తప్పిపోయిన పిల్లని అడిగినట్టు.

నిచ్చెన దగ్గర చెక్క కిర్రుమంది. ఆ కొస కొంచెం, చిన్నపిల్ల ఎక్కితే కుంగేటంత, కిందికి కుంగింది.