లక్ష్మప్ప పర్మిట్టు

"రోజుకెంత తాగుతావయ్యా?" డాక్టరు అడిగాడు.

"రెండు వేళ్ల మందం సార్. గ్లాసు అడుగు నుంచి."

"తాగకపోతే ఏమవుతుంది?"

"నిద్ర పట్టదు. కాళ్లు గుంజుతాయి. ఇంట్లో అందరి మీదా కసురుకునేదే."

లక్ష్మప్పకు నలభై రెండేళ్లు. ఆదోనిలో పత్తి దలాలీ. అది పంతొమ్మిది వందల యాభై అయిదు. మద్యనిషేధం అమల్లో ఉంది. తాగకపోతే బతకలేడని డాక్టరు రాసిస్తే తప్ప సీసా ఇవ్వరు. అంటే, మర్యాదగా తాగాలనుకున్నవాడు ముందు పచ్చి తాగుబోతునని సర్కారు చేత ముద్ర వేయించుకోవాలి.

"సోడా కలుపుతావా?"

"వద్దు సార్, కడుపుబ్బరం. కుండనీళ్లే."

"ఐసు?"

"పండ్లు జివ్వుమంటాయి."

డాక్టరు నోరు తెరిపించి చూశాడు. ముప్పై రెండు పళ్లూ చెరుకుగడను పీల్చి పిప్పి చేసేటట్టున్నాయి. వ్యసనం ముదిరినవాళ్లకు ఇలాంటి భ్రమలు మామూలేనని రాసుకుని, పర్మిట్టు మీద సంతకం పెట్టాడు.

పర్మిట్టు షాపువాడికి లక్ష్మప్ప వస్తున్నాడంటే గుండె దడ. మిగతావాళ్లు ఏది ఇస్తే అది చంకలో పెట్టుకుని పోతారు. ఈయన అలా కాదు.

"ఈ బొంబాయి సరుకు వద్దప్పా. తీపి. నాలికకు జిగట. మొన్న ఒక తూరి తీసకపోయి తిట్లు తిన్నా. నాకు ఆ కొంగబొమ్మ సీసానే కావల్ల. దాంట్లో పొయ్యి పొగ వాసన ఉంటాది."

వెనక నిలబడ్డ గిడ్డయ్య ఈ మాటలు విన్నాడు. గిడ్డయ్యకు జిన్నింగు మిల్లు ఉంది, పర్మిట్టూ ఉంది. తాగినవాణ్ని పడగొట్టడమే విస్కీ గుణమని అంతవరకు అతని నమ్మకం. దానికి వాసన కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"నంజుకునేదానికి ఏం తింటావన్నా? వేపుడు మాంసమేనా?" అని వినయంగా అడిగాడు.

"ఉగ్గాని. బొరుగులు బాగా నాననిచ్చి, మెత్తగా చేసుకోవల్ల."

నెల తిరక్కుండా ఊళ్లో ఉన్న పదకొండు మంది పర్మిట్టుదారులూ మాంసం మానేసి, మెత్తటి ఉగ్గానికి దిగారు. సోడా కలిపేవాణ్ని చూసి ముక్కు చిట్లించడం నాగరికత అయింది. ఎమ్మిగనూరు నుంచి బట్టల వర్తకులు బస్సెక్కి వచ్చి మరీ లక్ష్మప్ప సలహా అడిగి పోయేవారు. ఆయన తూలగా చూసినవాడు లేడు. దగ్గర కూర్చుంటే వాసనైనా రాదు. తాగితే అట్లా తాగాలి, దొరలు కూడా పనికిరారు అనేవారు.

ఆడవాళ్ల లెక్క వేరు. పక్కింటి ముత్తమ్మ లక్ష్మప్ప తల్లి ఉచ్చీరమ్మను చూసినప్పుడల్లా కళ్లు తుడుచుకునేది.

"మొగుడూ అంతే, కొడుకూ అంతే. నీ నొసట అట్ల రాసినాడు గదమ్మా దేవుడు!"

"ఏం జేచ్చాంలే ముత్తమ్మా," అని డెబ్భై ఏళ్ల ఉచ్చీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఏటా శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి పోయి వచ్చేది. కొడుకు చేత మందు మాన్పించమనే ఆమె మొక్కు అని వీధి వీధంతా నిర్ధారించేసింది.

ఇంతలో మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చాయి. మిల్లు కూలీల వీధికి కొళాయి వేయించాలని లక్ష్మప్ప ఆరేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ కొళాయి కోసమే నిలబడ్డాడు. పోటీగా గిడ్డయ్య నిలబడ్డాడు.

గిడ్డయ్య నడిబజారులో జనాన్ని పోగేసి, తన పర్మిట్టును నాలుగు ముక్కలుగా చించి గాలికి ఎగరేశాడు. చప్పట్లు మోగాయి. నిషేధం లేని రాయచూరు నుంచి పత్తి బేళ్ల నడుమ దొంగసరుకు దిగుతుండగా ఆ కాగితంతో అతనికి పనేముంది?

మరునాడు పొద్దున్నే నలుగురు పెద్దమనుషులు లక్ష్మప్ప ఇంటికి వచ్చారు.

"నీ పర్మిట్టు గూడా చించెయ్యప్పా. ఓట్లన్నీ నీకే. నీ అంత మంచోడు ఈ వార్డులో యాడున్నాడు?"

లక్ష్మప్ప చాప పరిచి కూర్చోమన్నాడు.

"ఒక్క మాట సెప్పు. మాన్తావా, మానవా?"

లక్ష్మప్ప లోపలి గడప వైపు చూశాడు. తల్లి తల వంచుకుని నిలబడి ఉంది. చాలాసేపు ఆమెనే చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"అది నా చేతుల్లో లేదన్నా," అన్నాడు.

పెద్దమనుషులు ఆ ముసలితల్లి మొహం చూడలేక లేచి వెళ్లిపోయారు.

లక్ష్మప్ప నలభై ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సాయంత్రం గిడ్డయ్య ఊరేగింపు ఆ ఇంటి ముందే ఆగింది. గిడ్డయ్య బండి మీద నిలబడి, నిలబడలేక ఇద్దరి భుజాలు పట్టుకుని, మద్యనిషేధం గొప్పతనం గురించి అరగంట ఉపన్యసించాడు. కూలీల వీధివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. లక్ష్మప్ప కిటికీలోంచి వాళ్లను చూస్తూ నిలబడ్డాడు.

డప్పులు దూరమయ్యాక తలుపు గడియ పెట్టాడు. భార్య హులిగెమ్మ ఉగ్గాని పళ్లెం తెచ్చి, భర్త మొహం చూసి, అక్కడే పెట్టి లోపలికి పోయింది. లక్ష్మప్ప సీసా తీసి గ్లాసులో పోశాడు. కుండనీళ్లు కలిపాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఉచ్చీరమ్మ ఆ గ్లాసు అందుకుని, ఒక గుటక మింగి, కొడుకు వీపు నిమురుతూ అంది: "ఏడవద్దురా లచ్చప్పా, మీ నాయన గూడా నా కోసం ఇట్లనే ఇరవై ఏండ్లు తాగుబోతనే పేరు మోసినాడు."