ఎదురింటి బెంచీ

"ఫిర్యాదు మీదేగా? ఊఁ అనండి సార్, పీకేస్తాం," అన్నాడు మున్సిపాలిటీ మేస్త్రీ, గడ్డపార బెంచీ కిందకి దూర్చి.

రిటైర్డ్ హెడ్‌క్లర్కు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దాటి వచ్చాడు. తన ఇంటి ఎదురుగా ఆ బెంచీ మీద రోజూ ఇద్దరు పెద్దమనుషులు చేరి తన గురించే గుసగుసలాడుకుంటారని ఆయన నమ్మకం. దాన్ని తీయించడానికే మున్సిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

ఆ ఇద్దరూ బెంచీ మీంచి ఇంకా లేవలేదు.

"ఇన్నాళ్లూ నా గురించి ఏం చెప్పుకున్నారో మొహం మీద చెప్పండి!" అని నిలదీశాడు.

పొడుగాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంతకీ మీరెవరండీ?"

"ఎదురిల్లు నాదే!"

"అలాగా? అందులో ఎవరూ ఉండట్లేదనుకున్నాం," అన్నాడు రెండో ఆయన.

గేటు దగ్గర నిలబడి చూస్తున్న ఆయన భార్య కిసుక్కుమంది.

హెడ్‌క్లర్కు ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్లూ కనీసం తిట్టుకుంటున్నారన్న తృప్తయినా ఉండేది.

"పీకమంటారా సార్?"

"ఉండవయ్యా, ఏం కొంపలంటుకుపోతున్నాయి!" అని మేస్త్రీని కసిరి, ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చున్నాడు. "కాస్త జరగండి. నేనెవరో నా చిన్నప్పటి నుంచీ చెప్తాను."

పొడుగాయన మేస్త్రీ వైపు దీనంగా చూశాడు.

"బాబ్బాబు, పీకేద్దూ!"