ఊటలో తేలిన రంగు

ఫరీదాబాద్ వెనక కొండల్లో చీకటి పడింది. పూడిక తీసే కూలీలు వెళ్లిపోయారు. ఎండిన ఊట దగ్గర భూగర్భజలాల అధికారి విష్ణువర్ధన్, ఆఫీసులో కొత్తగా చేరిన సాత్విక మిగిలారు.

ఊట ఎందుకు ఎండిందో అతనొక్కడికే తెలుసు. మూడేళ్ల క్రితం, పైనున్న పల్లం నుంచే దీనికి నీళ్లొస్తున్నాయా అని తేల్చమన్నారు. పల్లంలో ఆకుపచ్చ రంగు పోసి, అది ఇక్కడ తేలుతుందేమో చూడాలి. అతను రంగు సీసా మూతైనా తీయలేదు. "రంగు పోశాం, ఊటలో కనిపించలేదు" అని రాసిచ్చేశాడు. పల్లాన్ని పూడ్చి ఫ్లాట్లు కట్టారు. ఆ వేసవికే ఊట ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని బతికించే పనీ అతనికే వచ్చింది.

రాళ్ల కింద ఏదో బుడబుడమంది.

"సార్, నీళ్లు!" సాత్విక టార్చి వేసింది. "అరే, ఇంత ఆకుపచ్చగా ఉన్నాయేంటి?"

"నాచేమో," అన్నాడతను.

"కాదు సార్, ఆ రోజు మీరు పోసిన రంగే! ఇన్నాళ్లకి వచ్చింది." ఆమె గొంతు తగ్గింది. "మీ రిపోర్టు చదివి, మీరసలు పొయ్యలేదేమో అనుకున్నాను. సారీ సార్."

అతను కారు దగ్గరికి నడిచి డిక్కీ తెరిచాడు. స్టెప్నీ వెనక, పారేసే ధైర్యం లేక మూడేళ్లుగా దాచిన సీసా అలాగే ఉంది. సీలు చెక్కుచెదరలేదు. నిండుగానే ఉంది.

వెనక నీళ్ల చప్పుడు పెరుగుతోంది. ఆ చప్పుడు మధ్య సాత్విక ఇంకా సారీ చెబుతూనే ఉంది.