తగ్గిన బరువు

"నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఒక హీలియం అయితే కాస్త బరువు తగ్గుతుందని రాశారు. ఆ తగ్గింది ఎక్కడికి పోయింది? ఏ దేశానికి అమ్ముకున్నారు?" అని రహస్య పోలీసు అధికారి గద్దించాడు. అది 1937, లెనిన్‌గ్రాద్.

"అమ్మలేదండీ. అదే వెలుగవుతుంది. సూర్యుడు మండేది దానితోనే," అన్నాను.

"ఈ లెక్క ఎవరిది, ఫయీనా? నీదా, మీ ప్రొఫెసరుదా?"

ఎదురు కుర్చీలో మా ప్రొఫెసరు వెన్యమిన్ ల్వోవిచ్ గారు వాచిన మొహంతో నవ్వబోయారు. "ఆ పిల్లకి కూడికలే సరిగా రావు. మొత్తం నాదే."

నాకు బతకాలనిపించింది. "అవును, ఆయనదే," అని సంతకం చేశాను.

వారం తిరక్కుండానే ఆయన్ని కాల్చేశారు.

ఆ లెక్క నేను చేసింది. ఆయన దాన్ని అప్పటికింకా చదవనైనా లేదు.